పంట పోతే విశ్వాసం లేనట్టేనా?

భీమవరం వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయన రొయ్యల రైతు. వయసు 38, ఇద్దరు పిల్లలు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. తాతల నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం. నాలుగేళ్ల కిందట నాలుగెకరాల్లో రెండు చెరువులు లీజుకు తీసుకుని వెనామీ రకం రొయ్య వేశారు. మొదటి రెండు పంటలూ బాగా వచ్చాయి. ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పారు. "సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే ముందు గట్టు మీద మోకాళ్లూని ప్రార్థన చేశాను, ప్రభువు నా చెరువును కాశాడు" అన్నారు. అదే ఊపులో చర్చి శ్లాబుకు మూడు లక్షలు ఇస్తానని అందరిముందూ మాటిచ్చి, లక్ష అప్పటికప్పుడే కట్టేశారు.

ఆ తర్వాత ఏదీ కలిసి రాలేదు. ఒక పంటకు 55వ రోజున వైట్ స్పాట్ తెగులు తగిలింది. పొద్దున్నే చెరువు మీద కొంగలు గుంపుగా వాలుతుంటే పరుగెత్తుకెళ్లి, మేత చూసుకునే చెక్ ట్రే లేపారు. చచ్చిన రొయ్యల తల పెంకు మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. హడావుడిగా పట్టుబడి చేస్తే నూట ముప్పై కౌంట్ (కిలోకు నూట ముప్పై, అంటే బాగా చిన్న రొయ్యలు) వచ్చింది, మేత ఖర్చు కూడా రాలేదు. మరో పంటకు రొయ్యను ఎదగనివ్వని ఈహెచ్‌పీ తెగులు పట్టుకుంది. మేత తింటున్నాయి, పెరగడం లేదు. ఆ పై పంట కాస్త నిలబడిందనుకుంటే, అది 2025 ఆగస్టు, మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరిన రోజులు. రేటు పడిపోయింది.

ఇప్పుడు మేత డీలరుకు 11 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి 8 లక్షలు, బ్యాంకులో భార్య బంగారం మీద 4 లక్షలు బాకీ. వదినగారు కువైట్‌లో ఇంటిపని చేసి పంపిన 3 లక్షలూ చెరువులోనే పోయాయి. ఆవిడకు ఆ సంగతి ఇంకా తెలియదు.

"అక్టోబరు నుంచి చర్చికి వెళ్లడం లేదు" అని రాశారు. "ఆదివారం పొద్దున్నే చెరువు పనుందని బండి తీసుకుని వెళ్లిపోతున్నాను. చెరువులో నీళ్లే లేవు, పనెక్కడిది?" ఒక సంఘ పెద్ద ఇంటికొచ్చి, బైబిల్లో ఆకాను దొంగసొమ్ము తన గుడారంలో దాచినట్టు మీ ఇంట్లో ఏదో శాపితమైనది ఉంది, వెతుక్కోండి అన్నారట. భార్య బీరువాలన్నీ వెతికితే, ఎప్పుడో చిన్ననాటి స్నేహితురాలు పేరంటంలో ఇచ్చిన కుంకుమ భరిణ దొరికింది. తీసుకెళ్లి కాలవలో పారేసింది. కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు పాతిక వేలు కానుక తీసుకుని, నూనె సీసా ఒకటి ఇచ్చి చెరువులో కలపమన్నాడు, విశ్వాసంతో మళ్లీ సీడ్ వదలమన్నాడు. తండ్రి పంచి ఇచ్చిన అరెకరం వరి పొలం ఉంది. అది అమ్మితే దేవుడి మీద నమ్మకం లేనట్టు అవుతుందని ఈయన భయం.

అడిగినవి ఇవి: నా విశ్వాసం మొదటి నుంచీ ఉత్తదేనా? దేవుడి మీద భారం వేసి ఇంకో పంట వెయ్యనా? పొలం అమ్మనా? శ్లాబుకు ఇచ్చిన మాట ఏం చెయ్యను?

*

తమ్ముడూ,

మీ ప్రశ్నలకు ముందు, మూడో పేజీలో మీరు రాసి కొట్టేసిన వాక్యం సంగతి చూద్దాం. కొట్టేసినా చదవడానికి వస్తోంది. "రాత్రుళ్లు గట్టు మీద ఒక్కణ్ణే కూర్చుంటుంటే రకరకాల ఆలోచనలు వస్తున్నాయి." ఆ ఆలోచనలు చనిపోవడం గురించి అయితే, ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదవండి. ముందు ఈ మాట మీ భార్యకు చెప్పండి. ఆమెకు చెప్పలేకపోతే 14416కు ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. కొన్నాళ్లు రాత్రిపూట చెరువు దగ్గరికి వెళ్లకండి. నీళ్లు లేని చెరువుకు కాపలా అక్కర్లేదు. ఇలాంటి ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు విశ్వాసం నుంచి తొలగిపోయినట్టు కాదు. కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన ఏలీయా ప్రవక్త, ఆ తర్వాత బదరీ వృక్షం కింద కూలబడి, చాలు నా ప్రాణం తీసుకో అన్నాడు. అప్పుడు వచ్చిన దేవదూత అతన్ని మందలించలేదు, వాక్యం కూడా చెప్పలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు. తిని పడుకున్నాక మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో, పూటకు ఎంత తింటున్నారో ఉత్తరంలో లేదు. ఊహించగలను.

ఇక ఆకాను కథ. మీ ఇంట్లో ఎక్కువ చేటు చేసింది ఇదే అనిపిస్తోంది నాకు, వైట్ స్పాట్ కన్నా కూడా. యెహోషువ 7వ అధ్యాయం మీరే తీసి చదవండి. ఆకాను వెండి, బంగారం, ఒక పైవస్త్రం దొంగిలించి దాచాడు. అతను చేసింది ఫలానా తప్పు అని తెలుసు. జనంలో పాపం ఉందని చెప్పింది దేవుడే. ఏ పెద్దమనిషీ ఇంటింటికీ తిరిగి, మీ పంట పోయింది కాబట్టి మీ దగ్గర ఏదో ఉండే ఉంటుంది అని ఊహించి చెప్పలేదు. పంట పోవడాన్ని బట్టి పాపాన్ని లెక్కగట్టే పద్ధతిని యేసు సూటిగానే కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో మిగతా అందరికంటే పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు (లూకా 13). మారుమనస్సు అందరికీ కావాలన్నాడు, గోపురం కింద పడ్డవాళ్లకే కాదు.

మరి చెరువు ఎందుకు పోయింది? మీ ఉత్తరంలోనే ఉంది. రెండో పంట లాభం చూసి, చెరువు ఎండబెట్టకుండానే పన్నెండు రోజుల్లో మళ్లీ సీడ్ వదిలానని రాశారు. సీడ్‌కు పీసీఆర్ రిపోర్టు (తెగులు ఉందో లేదో చెప్పే పరీక్ష) అడగలేదని కూడా రాశారు. పై చెరువుల వాళ్లు తెగులు నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలితే కింది చెరువుల వాళ్లు అవే తోడుకోవాల్సి వస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఈహెచ్‌పీకి మందు లేదు. దాని బీజాలు చెరువు అడుగు మట్టిలో ఉండిపోతాయి. ఎండబెట్టి, సున్నం గట్టిగా వేసి, మంచి సీడ్ తెచ్చుకోవడం తప్ప దారి లేదు. ఇందులో పాపం లేదు, తొందరపాటు ఉంది. రేటు పడిపోవడంలో ఆ తొందరపాటు కూడా లేదు. దానికి మీ మోకాళ్లకూ వాషింగ్టన్‌కూ ఏం సంబంధం? పక్క చెరువు ఆయన ప్రార్థన చెయ్యకపోయినా ఆయనకు పండిందని కాస్త ఉక్రోషంగా రాశారు. దేవుడు ఎండనూ వాననూ చెడ్డవాళ్లకూ మంచివాళ్లకూ ఒకేలా ఇస్తాడన్నది కొండమీది ప్రసంగంలోనే ఉంది కదా. తెగులూ అంతే, చెరువు ఎవరిదని అడగదు.

ఆ కుంకుమ భరిణ విషయంలో మాత్రం నాకు మనసు బాగోలేదు. అది ఇచ్చిన స్నేహితురాలు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటే, మీ భార్య వెళ్లి ఆమెను ఓసారి పలకరించి రావడం మంచిది. భరిణ సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మీ విశ్వాసం ఉత్తదని నేననుకోను. కానీ ఆ క్రిస్మస్ రోజున మీరు దేవుడి తరఫున సాక్ష్యం చెప్పే పని చెరువుకు అప్పజెప్పారు. రొయ్య పెరిగింది, కాబట్టి దేవుడున్నాడు అన్నట్టు. సంఘంలో అందరం చేసేదే ఇది. ఉద్యోగం వస్తే సాక్ష్యం, వీసా వస్తే సాక్ష్యం, జబ్బు తగ్గితే సాక్ష్యం. తగ్గనివాళ్లకు మైకు ఇవ్వం. దాంతో పంట పోయినవాడికి నోరు పెగలదు, వెనక బల్లకు జరిగి, ఆ తర్వాత చర్చి గేటు బయటికి జరిగిపోతాడు. మీకు జరిగింది సరిగ్గా అదే. హబక్కూకు ప్రవక్త అలా పంటను సాక్షిగా పెట్టుకోలేదు. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలోని పైరు పంటకు రాకపోయినా, సాలలో పశువులు లేకపోయినా అని ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. పంట మళ్లీ వస్తుందని అక్కడ అనలేదు. ఏదీ లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అన్నాడు. నష్టాన్ని దాచకుండా, పేరుపేరునా చెప్పి, ఆ తర్వాత దేవుడి పేరు ఎత్తాడు. మీరేమో మేత డీలరు ఖాతా పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నానన్నారు. దాన్ని తెరిచి మాత్రం మూడు నెలలైందన్నారు. తెరవండి. విశ్వాసం అవసరమయ్యేది ఆ పుస్తకం తెరిచేటప్పుడే.

ఇంకో పంట గురించి. వెయ్యమంటున్నది ఎవరో ఓసారి చూసుకోండి. ఒకరు ప్రసంగీకుడు, పాతిక వేలు తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకొకరు మేత డీలరు, పాత బాకీ రావాలంటే మీరు మళ్లీ చెరువులో దిగాలి. ఇద్దరికీ మీ నష్టంలో వాటా లేదు. ఈహెచ్‌పీ ఉన్న మట్టిలో, శుద్ధి చెయ్యకుండా, అప్పు మేతతో సీడ్ వదిలి దేవుడే చూసుకుంటాడనడం నాకు విశ్వాసంలా కనబడదు. యేసును ఆలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దేవదూతలు పట్టుకుంటారు అన్న సాతాను కూడా కీర్తనల్లోంచి వాక్యమే చూపించాడు. ప్రభువైన నీ దేవుని శోధింపవలదు అన్నది దానికి వచ్చిన జవాబు. అయినా వేస్తే ఏమవుతుంది? పండితే సగం అప్పు తీరొచ్చు, కాదనను. పోతే డీలరు బాకీ ఇంకో ఏడెనిమిది లక్షలు పెరుగుతుంది, ఆ అరెకరం అమ్మినా అప్పటికి చాలకపోవచ్చు.

క్రాప్ హాలిడే ఇచ్చి ఒక సీజన్ ఆగడం రెండో దారి. చెరువు పగుళ్లిచ్చేదాకా ఎండుతుంది, సున్నం వేసుకోవచ్చు. భూమికే ఏడో ఏట విశ్రాంతి ఇమ్మన్న దేవుడు మీరు ఆరు నెలలు ఆగితే కోప్పడడు. ఈలోగా లీజు డబ్బు దండగ అవుతుంది కాబట్టి భూమి యజమానితో మాట్లాడి తగ్గించమనాలి, లేదా ఒక చెరువు వదిలెయ్యాలి. లీజుకు ముందు ఏరియేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు) రిపేరు చేసేవాడినన్నారు. మీ మండలంలో ఆ పనికి కొదవ ఉండదు. నిన్నటిదాకా రైతుగారు అన్నవాళ్లు రేపు మెకానిక్ అంటారు, అది కాస్త గుచ్చుకుంటుంది. చేపలకు మారడం మూడో దారి. నీళ్లలో ఉప్పు తగ్గితే బొచ్చె, శీలావతి వేసుకోవచ్చు, ఖర్చూ టెన్షనూ తక్కువే. డబ్బు చేతికి రావడానికి మాత్రం ఏడాది దాకా పట్టొచ్చు, మీ వడ్డీ అన్నాళ్లు ఊరుకోదు. నన్నడిగితే రెండోదాని వైపే మొగ్గుతాను. కానీ ఆ మట్టి మీకు తెలిసినంత నాకు తెలియదు.

పొలం దగ్గరికొద్దాం. 8 లక్షలకు నూటికి రెండు రూపాయలంటే నెలకు 16 వేలు. ఏడాదికి 1,92,000. ఇది అసలులో ఒక్క రూపాయి తగ్గించకుండా పోయే డబ్బు. బంగారం మీద బ్యాంకు వడ్డీ దీనికంటే చాలా తక్కువ, డీలరు బాకీ విడతలవారీగా మాట్లాడుకునే వీలున్నది. ముందు కోసెయ్యాల్సింది ఆ రెండు రూపాయల అప్పు. అరెకరం అమ్మితే అది తీరి, మీ వదిన డబ్బు, బంగారం కూడా వెనక్కి రావచ్చు. మీ వైపు భూముల ధరలు మీకే బాగా తెలుసు. అమ్మకుండా ఉంచుకుంటే పిల్లలకు అదొక్కటే ఆస్తి, ఆ మాటా నిజమే. అలాంటప్పుడు వడ్డీ ఎక్కడ నుంచి వస్తుందో కాగితం మీద రాసుకోగలగాలి. రాయలేకపోతే ఆ పొలం రెండేళ్లలో మీరు చెప్పిన ధరకు కాక వాళ్లు అడిగిన ధరకు పోతుంది. అమ్మడం అవిశ్వాసమేమో అన్న భయం మాత్రం వదిలెయ్యండి. బబులోను సైన్యం పట్టణాన్ని ముట్టడించి ఉండగా యిర్మీయా ప్రవక్త అనాతోతులో పొలం కొన్నాడు. బర్నబా తన పొలం అమ్మి ఆ డబ్బు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. ఒకరిది కొన్న విశ్వాసం, ఇంకొకరిది అమ్మిన విశ్వాసం.

శ్లాబు మాట. మొక్కుకున్నది చెల్లించడానికి ఆలస్యం చెయ్యొద్దని ప్రసంగి గ్రంథం అంటుంది నిజమే. మీరు అందరి ముందూ చెప్పారు, కాబట్టి ఆ మాటకు బరువు ఉంది. అప్పు తెచ్చి ఆ రెండు లక్షలూ కట్టేస్తే పరువు నిలుస్తుంది, వడ్డీ మాత్రం మీ పిల్లలు కడతారు. నోరు మెదపకుండా తప్పించుకు తిరిగితే ఇప్పుడు జరుగుతున్నదే ఇంకొన్నేళ్లు జరుగుతుంది. పాస్టరుగారిని ఒక్కరినే కలిసి, లెక్కలు ముందు పెట్టి, ఇంత గడువు కావాలనో, ఇక నా వల్ల కాదనో చెప్పడం ఇంకో పద్ధతి. మొదటిసారి చెప్పేటప్పుడు తల కొట్టేసినట్టుంటుంది. ఆయన అర్థం చేసుకోకపోనూ వచ్చు. అప్పుడు 2 కొరింథీ 8వ అధ్యాయం 12వ వచనం చూపించండి. శక్తికి మించి కాదు, ఉన్నదాన్ని బట్టి ఇచ్చిందే ప్రీతికరం అని పౌలు రాసింది కూడా కానుకల సందర్భంలోనే. దేవుడికి ఇస్తున్నామని చెప్పి కన్నవాళ్లకు పెట్టాల్సింది ఎగ్గొట్టేవాళ్లను యేసు కొర్బాను అనే మాట ఎత్తి మరీ తిట్టాడు. మీ వదిన కష్టం శ్లాబులోకి వెళ్లడం దానికి చాలా దగ్గరగా ఉంటుంది. నూనె సీసా ఇచ్చినాయన పాతిక వేలు తిరిగొస్తాయని నేననుకోను. ఇకముందు మాత్రం ఏ సభలోనూ అప్పు డబ్బుతో కానుక వెయ్యనని మీ ఇద్దరూ అనుకోండి.

చర్చికి తిరిగి వెళ్లాలా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరమంతా అదే ఉంది. యేసును పట్టిచ్చిన యూదా స్థానంలో అపొస్తలుడిగా ఒకరిని ఎన్నుకోవడానికి ఇద్దర్ని నిలబెట్టారు, మత్తీయ, యూస్తు అనే మారుపేరున్న యోసేపు. ప్రార్థన చేసి చీట్లు వేశారు. మత్తీయ పేరు వచ్చింది. యూస్తు బాప్తిస్మమిచ్చు యోహాను రోజుల నుంచీ వెంట తిరిగినవాడే. అతని గురించి ఆ తర్వాత అక్కడ ఒక్క మాట లేదు. పెంతెకొస్తు రోజున అందరూ ఒకచోట కూడి ఉన్నారని మాత్రం ఉంది. ఆ అందరిలో అతనూ ఉండే ఉంటాడని నా నమ్మకం. పేరు రాని మనిషి వెళ్లి అదే గుంపులో కూర్చున్నాడు. మీరు ఆ చర్చికే వెళ్తారా, కొన్నాళ్లు వేరే ఊళ్లో ఆరాధనకు వెళ్తారా, ఇంట్లో భార్యాపిల్లలతో కూర్చుని ప్రార్థించుకుంటారా, మీ ఇష్టం. సొంత చర్చిలో చూపులు ఉంటాయి, అక్కడే మీకోసం నిజంగా బాధపడే ఇద్దరు ముగ్గురూ ఉంటారు. వేరే ఊళ్లో చూపులు ఉండవు, ఆ ఇద్దరూ ఉండరు. ఆకాను పేరెత్తిన పెద్దాయనతో వాదన పెట్టుకోకండి. మళ్లీ ఇంటికొస్తే, ప్రార్థన చెయ్యండి అంకుల్, వెతకడం అయిపోయింది అనండి చాలు.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది మాత్రం మీ వదినకు ఫోన్. ఆమెకు తెలియకుండా ఇంకో రోజు గడవడం న్యాయం కాదు. మీరు నోరు విప్పకపోతే ఊళ్లోవాళ్లెవరో వాట్సాప్‌లో చెప్పేస్తారు. కువైట్‌లో ఆమెకు ఏ రోజు సెలవో చూసుకుని, మీ భార్యను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యండి. పోయింది ఎంతో, పొలం సంగతి ఏమనుకుంటున్నారో, ఎప్పటికి ఎంత ఇవ్వగలరో చెప్పండి. ఆమె ఏడ్చినా, తిట్టినా, ఫోన్ పెట్టేసినా మీరు పెట్టెయ్యకండి. ఆ పూట దేవుడి చిత్తం అనే మాట వాడొద్దు, ఆమె అంటే వినండి.